పెద్దలొస్తే మనం ఎక్కడ నిలబడాలి?

(త్రిపురాంతకంలో అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)

 

అంబేద్కర్ జీవితం గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. ఆయన పుట్టిన తేదీ, చదివిన చదువులు, రాసిన పుస్తకాలు మనం ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి వేరే సంగతి ఎత్తుకుంటాం. మన ఊళ్ళకి పెద్దలు వస్తుంటారు గదా! మంత్రులొస్తారు, ఎమ్మెల్యేలొస్తారు, కలెక్టర్లొస్తారు. వాళ్ళొచ్చినప్పుడు మనం ఎక్కడ నిలబడుతున్నాం? ఎక్కడ నిలబడాలి? అదీ సంగతి.

ఇది చెప్పటానికి సముద్రం ఒడ్డున ఉన్న చీరాల కథ చెప్పాలి. నల్లమల పక్కన బతికే మనకి చీరాలతో ఏం పని అనుకోవద్దు. 1970లో కర్నూలు నుంచి మన మార్కాపురం, గిద్దలూరు తెచ్చి, గుంటూరు నుంచి ఒంగోలు, చీరాల తెచ్చి, నెల్లూరు నుంచి కొంత తెచ్చి ఒక్క జిల్లాగా కుట్టారు. 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్లో చీరాల, కారంచేడు బాపట్ల జిల్లాలోకి పోయాయి. జిల్లాలు విడిపోయినా కథ విడిపోలేదు. అక్కడా గొడవ నీళ్ళ దగ్గరే మొదలైంది. ఇక్కడా మన గొడవ నీళ్ళే.

పరదా కట్టిన వీధి

ముందు మా ఇంటి సంగతి చెప్తాం. మా చిన్నప్పుడు, నాలుగో తరగతిలోనో అయిదులోనో ఉన్నాం, మా ఊరికి ఒక పెద్దాయన వస్తున్నాడన్నారు. ఆయన ఎవరన్నది ఇప్పుడు అనవసరం. రెండు రోజుల ముందే మా పల్లెకి కబురొచ్చింది, ఆడోళ్ళంతా చీపుర్లు తీసుకుని రమ్మని. మా అమ్మ, మా పెద్దమ్మ, ఇంకా పాతికమంది ఆడోళ్ళు ఊరి మొదలు నుంచి రచ్చబండ దాకా రోడ్డు ఊడ్చారు. పేడ ఎత్తారు. రోడ్డుకి రెండు పక్కలా సున్నం చల్లారు. కూలి ఇస్తామన్నారు. ఇవ్వలేదు.

ఆ రోడ్డు మా పల్లె పక్కనుంచే పోతుంది. తెల్లారి లేచి చూస్తే మా వీధి మొగదల వెదురుబొంగులు పాతి రంగుల పరదా కట్టి ఉంది. పెళ్ళిపందిళ్ళకి కట్టే గుడ్డ అది. మేం పిల్లలం సంబరపడ్డాం. మన వీధికి కూడా పందిరేశారు అనుకున్నాం. మా అవ్వ మాత్రం దాన్ని చూసి, "పందిరి కాదురా అది, మనకి మూత" అన్నది.

బడిపిల్లలం కాగితం జెండాలు పట్టుకుని పొద్దున తొమ్మిదింటికే రోడ్డు పక్కన నిలబడ్డాం. మధ్యాహ్నం దాటాక జీపులొచ్చాయి. ఆగలేదు. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోనే జెండాలు ఊపాం. సాయంత్రం గుడ్డ విప్పుకుని పోయారు. బొంగులు పాతిన గుంటలు మిగిలాయి. "వచ్చినాయన మనల్ని చూళ్ళేదు, మనమే ఆయన్ని చూశాం" అన్నది మా అవ్వ. చదువురాని మనిషి. మేం డిగ్రీ చదివి, బీయీడీ చేసి తెలుసుకున్న దానికంటే ఆ ఒక్క మాటే ఎక్కువ.

మా వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్ళం మేమే. పంతుళ్ళమయ్యాం. అయ్యాక ఏం చేశాం? ఒకసారి ఒక అధికారి వస్తున్నాడంటే మేమే పిల్లల్ని ఎండలో వరస కట్టించాం. ఈ మాట దాచిపెడితే ఈ మైకు ముందు నిలబడే అర్హత మాకు లేదు. ఆ వరసలో ఒక ఆరో తరగతి పిల్ల ఉంది. పొద్దున్నే ట్యాంకరు దగ్గర నీళ్ళు పట్టి, బిందెలు ఇంట్లో దించి బడికొచ్చిన పిల్ల. ఆ పిల్ల మెల్లగా అడిగింది: "సార్, ఆయన వచ్చేది మన నీళ్ళ సంగతికేనా?" మేం జవాబు చెప్పలేదు. "మాట్లాడకుండా నిలబడు" అన్నాం.

ఆ మాట ఇవాళ్టికీ మాకు గొంతులో ముల్లు. ఈ ప్రసంగం ఆ పిల్లకి చెప్పాల్సిన జవాబు.

1921: ఊరు వదిలిన చీరాల

చీరాల, పేరాల పక్కపక్క ఊళ్ళు. నేతపనికి పేరు. 1920 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం రెండింటినీ కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతకుముందు యూనియన్‌గా ఉన్నప్పుడు ఏటా నాలుగు వేల రూపాయల పన్ను. మునిసిపాలిటీ అయితే అది నలభై వేల దాకా పోతుంది. మాకీ మునిసిపాలిటీ వద్దు మొర్రో అని జనం మొత్తుకున్నారు. ప్రభుత్వం వినలేదు. జనం పన్ను కట్టలేదు. ఆడవాళ్ళు సహా జైళ్ళకు పోయారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వాళ్ళకి నాయకుడు.

1921 మార్చి ఆఖర్న బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరిగింది. అది అయ్యాక ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చారు. రెండు దారులు చూపించారు. ఒకటి, పన్ను కట్టకుండా వచ్చిన శిక్షలన్నీ భరించటం. రెండు, అసలు మునిసిపాలిటీ హద్దులే దాటి వెళ్ళిపోవటం. జనం రెండో దారి పట్టారు. పదిహేను వేల జనాభాలో పదమూడు వేలకు పైగా ఇళ్ళకు తాళాలేసి ఊరి బయట గుడిసెలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఎండకీ వానకీ ఓర్చి పదకొండు నెలలు అక్కడున్నారు. దుగ్గిరాలను జైల్లో పెట్టారు. చేతిలో డబ్బు అయిపోయింది. చివరికి జనం తిరిగి ఇళ్ళకు పోయారు.

ఈ కథను మేం పిల్లలకి పాఠంగా చెప్తాం. చెప్పాల్సిన కథే. ఆ జనం పడ్డ కష్టాన్ని తక్కువ చెయ్యం. కాని ఇందులో ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వం అన్యాయం చేసిందని జనం ఊరొదిలి పోతే దేశమంతా వాళ్ళని వీరులన్నది. ఊరొదలటం కూడా పోరాటమే అని ఒప్పుకున్నది. మళ్ళీ అరవై నాలుగేళ్ళకు అదే చీరాలకి ఇంకో జనం ఊరొదిలి వచ్చారు. వాళ్ళని ఎందరు వీరులన్నారు?

చీరాలకి దగ్గర్లోనే వేటపాలెం ఉంది. అక్కడ 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. 1929లో గాంధీ ఆ ఊరు కూడా వచ్చారు. ఆయన చేతికర్రను ఆ గ్రంథాలయంలో భద్రంగా దాచి ఉంచారు. మంచిదే. పెద్దలొచ్చి పోతే వాళ్ళ కర్ర దాచుకునే అలవాటు మన దేశానికి ఉంది. కాని ఆ చుట్టుపక్కలే ఒక బిందె కథ కూడా జరిగింది. ఆ బిందెను ఎవరూ దాచలేదు. దాని దగ్గరికి వస్తాం. అంతకుముందు ఒక ఏనుగు సంగతి చెప్పాలి.

ఏనుగు గుర్తుంది, మనుషులు గుర్తులేరు

బీహారులో బెల్చీ అని ఒక పల్లె. 1977 మే 27న భూస్వాముల ముఠా అక్కడ పదకొండుమందిని చంపి మంటల్లో వేసింది. అందులో ఎనిమిదిమంది దళితులు. ఆ ఏడాది మార్చిలోనే ఇందిరాగాంధీ ఎన్నికల్లో ఓడిపోయింది. పదవి లేదు. ఆగస్టులో ఆమె బెల్చీ బయల్దేరింది. వానాకాలం, దారంతా బురద. జీపు పోలేదు. చివరికి ఏనుగెక్కి పోయింది. ఫొటోలు దేశమంతా పత్రికల్లో వచ్చాయి. ఆమె మళ్ళీ లేవటం అక్కడే మొదలైందని రాజకీయం తెలిసినవాళ్ళు అంటారు. 1980 జనవరిలో మళ్ళీ ప్రధానమంత్రి అయింది.

బెల్చీ అంటే మీరు ఎవర్నయినా అడగండి. ఏనుగు సంగతి చెప్తారు. ఆ పదకొండుమందిలో ఒక్కరి పేరు చెప్పమనండి. నోరు తెరవరు.

ఆమె పోకుండా ఉండాల్సింది అని మేం అనటం లేదు. బురదలో అంతదూరం పోవటం చిన్న పని కాదు. పదవిలో ఉన్నవాళ్ళు కదలనప్పుడు ఆమె కదిలింది. కాని లెక్క చూసుకుందాం. వచ్చినవాళ్ళకి ఏం దక్కింది? ఉన్నవాళ్ళకి ఏం దక్కింది? ప్రతి పర్యటనకీ ఈ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మా ఊరి జీపులకైనా, బెల్చీ ఏనుగుకైనా ఇవే ప్రశ్నలు.

1985: బిందె ఎత్తిన చెయ్యి

ఇక కారంచేడు. చీరాలకి కొద్ది మైళ్ళ దూరం. డెల్టా ఊరు. భూములున్న ఊరు. అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు గారి వియ్యంకుడి ఊరు. అంటే అక్కడి పెత్తందార్లకి హైదరాబాదు పక్కిల్లు లాంటిది.

1985 జూలై 16. మాదిగపల్లె జనం నీళ్ళు తెచ్చుకునే చెరువు. పెత్తందారీ కుటుంబాల కుర్రాళ్ళు పశువుల్ని తోలుకొచ్చి ఆ నీళ్ళను ఖరాబు చేస్తున్నారు. తాగే నీళ్ళు, వద్దు అన్నాడు ఒక మాదిగ యువకుడు. అతని మీదికి పోయారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం వెళ్ళింది. ఆమె మీదా చెయ్యెత్తారు. ఆమె బిందె ఎత్తింది. అంతే. ఒక మాదిగ స్త్రీ తన నీళ్ళ కోసం తన బిందె ఎత్తింది.

మర్నాడు, జూలై 17న, వందల మంది గొడ్డళ్ళు, బరిసెలు పట్టుకుని మాదిగపల్లె మీద పడ్డారు. పొలాల్లో పరుగెత్తించి నరికారు. ఆరుగురిని చంపారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు కట్టుబట్టలతో, నెత్తురుతో చీరాల చేరారు. చర్చి ఆవరణలో పడ్డారు. అదే శిబిరమయింది.

ఇక చూడండి, చీరాలకి కార్లు రావటం. అధికార పక్షం వాళ్ళు, ప్రతిపక్షం వాళ్ళు, అధికారులు, పత్రికలవాళ్ళు. చిన్న పట్నం. అన్ని కార్లు ఆ వీధులు ఎన్నడూ చూసి ఉండవు.

ఇక్కడే తేడా గమనించండి, ఇదే మా ప్రసంగానికి ముడి. మా చిన్నప్పుడు పెద్దాయన వస్తే మేం పరదా వెనక ఉన్నాం. బెల్చీ జనం ఏనుగు దిగేదాకా ఎదురుచూశారు. చీరాలలో మనవాళ్ళు పట్నం నడిబొడ్డున కూచున్నారు. పెద్దలకి వాళ్ళని దాటిపోయే దారి లేదు. పరదా కట్టే వీలు లేదు. ఇంకా ముఖ్యం, వాళ్ళు ఒక్కరోజు ఏడ్చి ఊరుకోలేదు. కారంచేడు తిరిగి పోయేది లేదన్నారు. మమ్మల్ని చంపినవాళ్ళ చేలో మళ్ళీ కూలికి వంగేది లేదన్నారు. ఇక్కడే ఇళ్ళు కావాలన్నారు. చంపినవాళ్ళకి శిక్ష పడాలన్నారు. వచ్చిన పెద్ద ప్రతి ఒక్కడూ ఈ మాటలు వినే పోయాడు. ఓదార్చటానికి వచ్చినవాడు జవాబు చెప్పాల్సి వచ్చింది.

బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి వచ్చారు. ఆయన కూడా పెద్దమనిషే గదా. కాని చూసిపోవటానికి రాలేదు, ఉండటానికొచ్చారు. పదవిని వాకిట్లో వదిలి లోపలికొచ్చారు. పొన్నూరులో సంస్కృతం చెప్పే కత్తి పద్మారావు గారు వచ్చారు. రాష్ట్రం నలుమూలల నుంచి విద్యార్థులు, కూలీలు, ఉద్యోగులు వచ్చారు. ఆ ఏడాది సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. వచ్చేవాళ్ళు రెండు రకాలని అప్పుడు తెలిసింది. ఫొటో తీయించుకుని పోయేవాడు ఒక రకం. తన దాంట్లోంచి ఏదో ఒకటి వదులుకుని మన పక్కన కూచునేవాడు ఇంకో రకం.

అంబేద్కర్ తీర్మానం, మాదిగల కాళ్ళు

ఇది అంబేద్కర్ జయంతి గదా, ఆయన సంగతి ఇక్కడ చెప్పాలి. 1942 జూలైలో నాగపూరులో అఖిల భారత షెడ్యూల్డు కులాల సమాఖ్య పెట్టినప్పుడు ఒక తీర్మానం చేశారు. హిందూ గ్రామాల అంచున వాళ్ళ దయ మీద బతకటం కాదు, దళితులకి వేరే ఊళ్ళు కావాలి, వాటికి ప్రభుత్వం భూమి ఇవ్వాలి అని. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో కూడా, గ్రామమే దేశానికి ప్రాణం అని పొగిడినవాళ్ళకి ఆయన గట్టి జవాబిచ్చారు. ఊరంటే ఏమిటో వెలివాడలో పుట్టినవాడికి తెలిసినంత ఎవరికి తెలుస్తుంది?

ఆ నాగపూరు తీర్మానాన్ని ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. కారంచేడు మాదిగలు దాన్ని తమ కాళ్ళతో అమలు చేశారు. చీరాలలో విజయనగర్ కాలనీ లేచింది. 1921లో రామనగరం పదకొండు నెలలకే ఖాళీ అయింది. వాళ్ళకి తాళం వేసి వచ్చిన ఇళ్ళున్నాయి, తిరిగి పోయారు. మనవాళ్ళకి వెనక్కి పోవటానికి ఏమీ లేదు, గుండెల్లో నెత్తురు తప్ప. అందుకే విజయనగర్ కాలనీ నిలబడింది. అది స్వర్గమని చెప్పం. తెలిసిన పొలం పని పోయింది, తెలియని పట్నంలో బతుకు వెతుక్కోవాల్సి వచ్చింది. కాని ఆ గడప దగ్గర పెత్తందారుకి చెప్పులు విప్పి నిలబడే పని లేదు.

న్యాయం మాత్రం ఏనుగు కంటే నిదానంగా వచ్చింది. కింది కోర్టు శిక్షలు, హైకోర్టు కొట్టివేత అన్నీ దాటి 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళ చొప్పున జైలు వేసింది. ఇరవై మూడేళ్ళు పట్టింది.

కోర్టునే ఊరికి రప్పించారు

కారంచేడు నేర్పిన పాఠం చుండూరులో పనికొచ్చింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. చచ్చినవాళ్ళని ఊరి బయట కాదు, ఊరి మధ్యన సమాధి చేశారు. దాన్ని రక్తక్షేత్రం అన్నారు. ఇక ఆ దారిన పోయే ఏ పెద్దా చూడకుండా పోలేడు. అక్కడ ఇంకో పని జరిగింది. మేం కోర్టు చుట్టూ తిరగం, కోర్టే మా ఊరికి రావాలి అని పోరాడారు. ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టించారు. సాక్షులు తమ ఊళ్ళోనే నిలబడి సాక్ష్యం చెప్పారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది.

ఈ కథ కూడా పూర్తిగా చెప్పాలి, సగం చెప్పి చప్పట్లు కొట్టించుకోకూడదు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. కాబట్టి పెద్దలొచ్చినా, కోర్టే వచ్చినా, అంతటితో పని అయిపోదు. మనం లేచిపోతే వాళ్ళు కూడా లేచిపోతారు.

రావటం దయ కాదు, డ్యూటీ

ఇప్పుడు కార్యకర్తలు కాస్త చెవి పెట్టి వినండి. కారంచేడు వంటి ఘోరాల మీద దేశమంతా జరిగిన పోరాటాల ఒత్తిడి మీద 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. దానికి 1995లో నిబంధనలు పెట్టారు. 2015లో సవరించి గట్టిచేశారు. మన జనం వాడే చెరువుని, బావిని, ఏ నీటినైనా ఖరాబు చెయ్యటం ఆ చట్టం కింద నేరం. సువార్త బిందె ఎత్తి చెప్పిన మాట ఇవాళ చట్టంలో అక్షరాలై ఉంది.

ఆ నిబంధనల్లో 12వ దాన్ని పిల్లలు ఎక్కం నేర్చుకున్నట్టు నేర్చుకోవాలి. అత్యాచారం జరిగిన చోటికి కలెక్టరు, ఎస్పీ వెళ్ళి చూడాలి. ఎంత ప్రాణనష్టం, ఎంత ఆస్తినష్టం అని అంచనా వెయ్యాలి. బాధితుల పేర్లు, వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళ పేర్లు రాసి నివేదిక పెట్టాలి. అర్థమయిందా? కలెక్టరు గారు మన పల్లెకి రావటం ఆయన మంచితనం కాదు. ఆయన డ్యూటీ. దండ వేసి పిలవాల్సిన పని లేదు. రాకపోతే ఎందుకు రాలేదని అడగాల్సిన పని ఉంది.

7వ నిబంధన ప్రకారం కేసు దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చెయ్యాలి. ఎఫ్ఐఆర్ కాపీ మనకి ఉచితంగా ఇవ్వాలి. 17వ నిబంధన ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ మూడు నెలలకొకసారి కూచోవాలి. 16వ దాని ప్రకారం ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర కమిటీ ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జూలైలో కూచోవాలి. మన ఎమ్మెల్యే ఓటుకొచ్చినప్పుడు రోడ్డు, దీపం అడుగుతాం. ఈసారి ఆ కమిటీ ఎప్పుడు కూచుంది, ఏం రాసుకుంది అని కూడా అడగండి. ముఖం చూడండి అప్పుడు!

మన పడమటి సీమకొచ్చిన పెద్దలు

మన దగ్గరికి రండి ఇక. ఫ్లోరైడు నీళ్ళతో పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిన ప్రాంతం మనది. వెలిగొండ కట్టి శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్ళు తెస్తామని 1996 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు శంకుస్థాపన చేశారు. 2004లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి గారు మళ్ళీ చేశారు. నల్లమల కొండల కింద పద్ధెనిమిది కిలోమీటర్లు దాటిన సొరంగాలు రెండు తవ్వారు. నాలుగు లక్షల నలభై ఏడు వేల ఎకరాలకి సాగునీరు, పదిహేను లక్షల పైచిలుకు జనానికి తాగునీరు అని లెక్క. 2024 మార్చి 6న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డి గారు దోర్నాల దగ్గర ఆ సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ రోజుకి వాటిలో నీళ్ళు పారలేదు. మునిగే ఊళ్ళ జనానికి పునరావాసం పూర్తికాలేదు.

పార్టీ ఏదయినా కానీయండి. శిలాఫలకం మీద పేర్లు మారాయి. ఆ ఆరో తరగతి పిల్ల తలమీద బిందె మారలేదు. పెద్దలు వచ్చినప్పుడల్లా మనం ఎండలో నిలబడ్డాం. మన ఆడోళ్ళు రోడ్లు ఊడ్చారు. చప్పట్లు కొట్టాం. చప్పట్లు కొట్టినవాడికి రసీదు ఉండదు అన్నలారా! అర్జీకి ఉంటుంది.

కాబట్టి ఈ సభలో నాలుగు మాటలు అనుకుందాం.

ఒకటి. ఏ పెద్ద వచ్చినా మన పల్లె ఆడోళ్ళు వెట్టికి రోడ్డు ఊడవరు. కూలి ముందు చెప్పి, సాయంత్రం చేతిలో పెడితేనే చీపురు పట్టటం.

రెండు. మన వీధికి పరదా కడితే విప్పేస్తాం. గొడవ చెయ్యక్కర్లేదు. నలుగురు పోయి నిమ్మళంగా ముళ్ళు విప్పి, గుడ్డ మడతపెట్టి పంచాయతీ ఆఫీసులో అప్పగించి రావటమే.

మూడు. అర్జీ నోటితో కాదు, కాగితం మీద. రెండు కాపీలు. ఒక దాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకుని మన దగ్గర ఉంచుకోవాలి. రాయటం రానివాళ్ళు మా దగ్గరికి రండి, రాత్రి పదింటికైనా రాసిపెడతాం. చదువుకున్నందుకు ఆ మాత్రం బాకీ మాకుంది.

నాలుగు. ఇది మాకు, మాలాంటి పంతుళ్ళకి. పిల్లల్ని ఎవరి కోసమూ ఎండలో నిలబెట్టం. వచ్చినాయన తరగతి గదిలోకి రావాలి. పిల్లలు కూచుని ఉంటారు. ఆయన నిలబడి వాళ్ళ ప్రశ్నలకి జవాబు చెప్పాలి. దీనికి మా మీద మెమో వస్తే రానివ్వండి. కారంచేడు జనం పోగొట్టుకున్నదాని ముందు మెమో ఎంత?

1921లో చీరాల జనం ఊరొదిలి ఒక ప్రభుత్వాన్ని అడిగారు. 1985లో మనవాళ్ళు ఊరొదిలి ఆ ఊరినే అడిగారు. మనం ఊరొదలాల్సిన అవసరం రాకూడదనే ఈ నాలుగు మాటలు. పెద్దల్ని రావద్దని మేం అనటం లేదు. రానివ్వండి. మనం రోడ్డు పక్కన నిలబడి ఉంటే వాళ్ళు దుమ్ము లేపి పోతారు. మన వాకిట్లో మనం కూచుని ఉంటే వాళ్ళు ఆగాల్సిందే.

చివరికి ఆ పిల్లకి జవాబు. అమ్మా, ఆయన మన నీళ్ళ సంగతికొచ్చాడా అని ఆ రోజు నువ్వు మమ్మల్ని అడిగావు. మాట్లాడకుండా నిలబడమన్నాం, తప్పు మాదే. ఈసారి మమ్మల్ని అడగొద్దు. వచ్చినాయన్నే అడుగు. గట్టిగా అడుగు. మేం నీ వెనక కాదు, నీ పక్కన నిలబడతాం.

జై భీమ్!